పెరట్లో పాతిన పాఠం

2012 వేసవిలో షికాగో స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో మా ఎదురుగా ఒక అమెరికన్ కుటుంబం కూర్చుంది. తండ్రి తన ముగ్గురు పిల్లలకూ బడి మాన్పించి తానే చదువు చెబుతున్నాడట. నోటు విలువ కరిగిపోతుంది, బంగారం నిలుస్తుంది అన్నది ఆనాటి పాఠం. మా అత్తయ్య చేతి బంగారు గాజులు చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "ఈవిడకి నోట్లని నమ్ముకోవాల్సిన పని లేదు, చూడండి" అంటూ పిల్లల్ని తెచ్చి ఆవిడ ముందు వరసగా నిలబెట్టాడు.

అత్తయ్య గబుక్కున కొంగు కప్పుకుంది. "ఏమంటున్నాడమ్మాయ్?"

చెప్పాను. ఆవిడ చూపు ఆయన భార్య బోసి చేతుల మీద పడింది.

"ఇంత తెలిసినవాడు ఆ పిల్లకేం చేయించాడో అడుగు."

అడిగాను.

"చాలానే కొన్నాను. పెరట్లో పాతిపెట్టాను" అన్నాడు గర్వంగా.

"ఎక్కడో నాకూ చెప్పలేదు" అంది భార్య.

అత్తయ్య ఒక గాజు తీసి ఆమె చేతికి తొడిగింది. ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకుంది. మా రైలు వచ్చిందనగానే గాజు తిరిగిచ్చేసి పిల్లల వైపు తిరిగింది.

"రేపటి క్లాస్ నాది. అందరూ పారలు పట్టుకుని పెరట్లోకి రండి."

ఇప్పటికీ అత్తయ్య ఫోన్ చేస్తే ముందు అడిగేది అదే. "ఆ పిల్లకి దొరికిందంటావా?"