మా తమ్ముడి గోనెపట్టా

మా వాడకట్టులో ఎవరికైనా గాలి సోకిందంటే అందరూ నిమ్మకాయల కోసం పరుగెత్తేవాళ్ళు. నేను మాత్రం ఆ మనిషి పొద్దున ఏమన్నా తిన్నదా అని అడిగేదాన్ని. చాలాసార్లు తిని ఉండేది కాదు. ఇంత జావ తాగిస్తే గాలి దానంతట అదే దిగేది. దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇది చదివి నాకే గాలి సోకిందని అనుకుంటే అనుకోండి. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది ఆర్మూర్. నేను పసుపు కల్లంలో పని చేస్తాను. రైతులు ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు మా సేటు కల్లానికి వస్తుంది. వేలులాంటి కొమ్ము ఒక దిక్కు, గుండ్రటి మండ ఒక దిక్కు, విరిగిన చూర ఒక దిక్కు ఏరడం మా పని. పన్నెండు మంది ఆడవాళ్ళం వరుసగా కూర్చుంటాం. ఒక్కొక్కరికి ఒక గోనెపట్టా.

మా వరుసలో ఒక కట్టుబాటు ఉంది. మాలో ఎవరైనా కాన్పుకు పోయినా, రోగంతో పడుకున్నా, ఇంట్లో చావు జరిగినా ఆమె జాగలో ఆమె పట్టా పరిచే ఉంచుతాం. సాయంత్రం లేచే ముందు తలా ఒక దోసెడు ఏరిన కొమ్ము ఆ పట్టా మీద పోస్తాం. పొద్దున దాన్ని ఊడ్చి కుప్పలో కలుపుతాం. ఆమె జాగ ఆమెకే ఉన్నదని గుర్తు. ఆ పట్టాను వేరేవాళ్ళు ఎత్తకూడదు. తిరిగొచ్చిన మనిషే తన చేతులతో ఎత్తి, దులిపి, మళ్ళీ పరుచుకుని కూర్చోవాలి.

లింబాద్రి నా తమ్ముడు. నాకంటే పద్నాలుగేండ్లు చిన్న. వానికి నాలుగేండ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటినుంచి నా వెంటే కల్లానికి వచ్చి నా ఎడమ పక్కన కూర్చునేవాడు. ఊరికే ఉండేవాడు కాదు. కొమ్ములకు సన్నగా తోకలుంటాయి కదా, వాటిని ముందు పళ్ళతో కొరికి పారేసేవాడు. ఎన్ని దెబ్బలు పడ్డా ఆ అలవాటు పోలేదు. ఎనిమిదేండ్లప్పుడు బోరింగు పిడి తగిలి వాని పై పన్ను మూలకు విరిగింది. అప్పటినుంచి వాడు కొరికిన కొమ్ము మీద గాటు సాఫుగా ఉండేది కాదు. నడుమ సన్నని మిట్ట మిగిలేది. వంద కొమ్ముల్లో కలిపినా వాడు కొరికింది నేను పట్టేదాన్ని.

పెద్దయ్యాక డీసీఎం వ్యాన్ డ్రైవరయ్యాడు. ఒకరోజు మక్కల లోడుతో పోతుంటే హైవే మీద ఆపారు. సంచుల కింద గంజాయి దొరికింది. తనకు తెలియదన్నాడు. నేను నమ్మాను. కోర్టు ఇప్పటికీ ఏదీ తేల్చలేదు. ఆ రోజు స్టేషన్‌లో పోలీసులు నాతో ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏం రాసి ఉందో చదవడం అప్పుడు నాకు రాదు. ఆ సిగ్గుతోనే యాభై ఏండ్ల వయసులో సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. జైలుకు మొదటి ఉత్తరం నా చేత్తో రాసినప్పుడు అందులో పది లైన్లు ఉన్నాయి. ఏడు తప్పులు ఉన్నాయని వాడు జవాబు రాశాడు. వాడు ఏడో తరగతి చదివాడు.

ఏడాది దాకా ములాఖాత్‌కు పోయినప్పుడల్లా కనిపించాడు. సన్నబడ్డాడు గానీ మాట్లాడేవాడు. తరువాత జైల్లో నల్లా దగ్గర నీళ్ళ కోసం కొట్లాట జరిగింది. ఒకాయన తల పగిలింది. అక్కడున్న నలుగురిలో మా తమ్ముడు ఒకడు. వాణ్ణి తీసుకుపోయి ఒంటి గదిలో పెట్టారు. ములాఖాత్ బంద్ అన్నారు.

ఆ సంగతి జైలు కిటికీ దగ్గర కూర్చున్న సారు చెప్పాడు. ఆయన నాతో మంచిగానే మాట్లాడాడు.

"అమ్మా, ఎవరూ చెయ్యి వెయ్యలేదు. టైముకు తిండి పెడుతున్నం. ఫ్యాన్ కూడా ఉన్నది. అది శిక్ష గాదు, జర వేరుగ ఉంచినం, గంతే."

ఎన్ని రోజులు అని అడిగాను. అది తన చేతిలో లేదన్నాడు. గది ఎంత ఉంటుందని అడిగితే చేతులు బారజాపి చూపించాడు. తిండి తలుపు కింది సందులోంచి లోపలికి తోస్తారట. ఎవరూ వానితో మాట్లాడకూడదట. రోజుకొకసారి నాలుగు గోడల నడుమ నడిపిస్తారట, అది కూడా మనుషులు చాలని రోజు ఉండదట.

నేను వకీలు దగ్గరికి పోయాను. ఆయనది అంకాపూర్, రైతు కొడుకు. నా మాట ఓపిగ్గా విన్నాడు. దెబ్బలుంటే ఫొటోలు తీసి కోర్టులో పెట్టొచ్చన్నాడు. అరికాళ్ళు వాచినా, గోళ్ళు నల్లబడినా ఒక దారి ఉంటుందన్నాడు. ఒంటి మీద ఏమీ లేనప్పుడు హింస అని ఎట్లా రాయాలని నన్నే అడిగాడు. అందరూ అదే మాట. కొట్టలేదు కదా. మా బంధువులు కూడా అదే అన్నారు. కొట్టలేదంటే సంతోషించమన్నారు.

నాకు తెలిసిందే చెప్పాను.

"వకీలు సాబ్, పసుపును ఉడకబెడ్తం. గాటు పడదు, తొక్క చీలదు. రంగు ఇంకింత మంచిగైతది. గా కొమ్మును తీసుకపోయి మళ్ల భూమిల పెడితే మొలుస్తదా?"

ఆయన పెన్ను మూత పెట్టాడు.

"మొలవదక్కా," అన్నాడు. "కాని దాన్ని జడ్జి సాబ్‌కు ఏమని చూపెడుదు?"

అర్జీ మాత్రం రాశాడు. వాయిదా పడింది. మళ్ళీ వాయిదా పడింది.

అర్జీ రాసిన వారంలోనే నేను కల్లంలో నా ఎడమ పక్కన ఒక గోనెపట్టా పరిచాను. మొగవాళ్ళకు పట్టా పరవడం మా దగ్గర లేదు. వాడు పెద్దయ్యాక వరుసలో కూర్చున్నదీ లేదు. మా వరుసలోని నర్సుబాయి ఊరుకుంటుందా.

"మొగోనికి పట్టా ఏందే? మీసాలకు పసుపు రాసుకుంట ఏరుతడా?" అంది.

అందరూ నవ్వారు. మా వరుసకు పెద్ద సాయవ్వ. డెబ్బై దాటిన మనిషి. ఆమె నవ్వలేదు.

"మనిషి బతికే ఉన్నడు. జాగ ఉంచుండ్రి," అంది.

ఆ సాయంత్రం అందరూ దోసెళ్ళు పోశారు. నర్సుబాయి రెండు దోసెళ్ళు పోసింది.

రెండో వారంలో మొదటిసారి చూశాను. పగలే. బువ్వ తిని, చేతులు కడుక్కొని వచ్చి కూర్చున్నాం. పొద్దున నేనే ఊడ్చి పెట్టిన ఖాళీ పట్టా మీద ఐదారు కొమ్ములు ఉన్నాయి. దోసెళ్ళు పోయడానికి ఇంకా చాలా పొద్దు ఉంది. ఒకటి తీసి చూశాను. తోక కొరికి ఉంది. గాటు నడుమ మిట్ట ఉంది.

ఎవరో ఆటలాడుతున్నారనుకున్నాను. కానీ వాడు కొరికే సంగతి నాకు, సాయవ్వకు తప్ప ఆ వరుసలో ఎవరికీ తెలియదు. మిగిలినవాళ్ళంతా తరువాత వచ్చినవాళ్ళే. సాయవ్వను పక్కకు పిలిచి అడిగాను. ఆమె నోరు తెరిచి బోసి చిగుళ్ళు చూపించింది.

"నాకు పండ్లుంటే ముందుగాల మటన్ తింటుంటి. పసుపెందుకు కొరుకుత?"

ఎలుకలేమో అనుకున్నాను. గుమాస్తాతో చెప్పి బోను పెట్టించాను. మూడు రోజులు ఎర మారుస్తూ పెట్టాం. ఏమీ పడలేదు. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం కాగానే నాలుగైదు కొమ్ములు పట్టా మీద ఉంటూనే ఉన్నాయి. ఒకనాడు మూడు, ఒకనాడు ఏడు. పొద్దున ఎప్పుడూ లేవు.

శివరాత్రి మర్నాడు నేను బువ్వకు లేవలేదు. డబ్బా అక్కడే విప్పుకొని, చూపు పట్టా మీదనే పెట్టి తింటున్నాను. తిన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. నర్సుబాయి తన మేక ముచ్చట ఎత్తుకుంది. ఆమె మేక రేషన్ కార్డు తిన్నదట. ఈమె ఆ మేకను తాడు కట్టి డీలర్ దగ్గరికి తోలుకపోయి, కార్డు దీని కడుపులో ఉన్నది, బియ్యం దీనికే ఇయ్యమని కూర్చున్నదట. అందరూ పడి పడి నవ్వారు. నాకూ నవ్వొచ్చి ఒక్కసారి అటు తిరిగాను. మళ్ళీ ఇటు చూసేసరికి పట్టా మీద రెండు కొమ్ములు ఉన్నాయి. ఎండిన పసుపు రాయిలాగా ఉంటుంది, అందులో తడి ఉండదు. ఆ రెండింటికీ కొరికిన చోట తడి ఉంది. వేలితో తాకి చూశాను. ఎంగిలి తడి.

పన్నెండు రోజులకు వాని ఉత్తరం వచ్చింది. పైన తారీఖు వేసి ఉంది. అది మేక ముచ్చట చెప్పిన రోజే. అందులో ఉన్నది ఇదే:

"అక్కా, నర్సుబాయి మేకకు బియ్యం ఇచ్చిండ్రా? మస్తు నవ్వొచ్చింది. ఈడ నవ్వినా ఎవలకు వినబడదు. నీ పక్కకే కూసుంటున్న గద, నాతోని మాట్లాడవేంది?"

ఆ ముచ్చట నేను వానికి రాయలేదు. ములాఖాత్ లేదు, ఫోన్ లేదు. నర్సుబాయిని అడిగితే ఆ రోజు తప్ప ఇంకెక్కడా చెప్పలేదని పిల్లల మీద ఒట్టు వేసింది. సాయంత్రం బడి టీచరుకు ఉత్తరం చూపించాను. ఆమె రెండుసార్లు చదివి, తారీఖు తప్పు వేసుకొని ఉంటాడని అంది. లోపల పగలేదో రాత్రేదో తెలియనివాడు తప్పు వేసుకోవచ్చు. కానీ మేక?

అప్పటినుంచి నేను పట్టాతో మాట్లాడటం మొదలుపెట్టాను. సిగ్గుపడలేదు. పొద్దున ఏం వండిందీ, పోచంపాడ్ కాల్వకు నీళ్ళు వదిలిందీ, బాల్కొండలో మేనత్తకు కాలు విరిగిందీ అన్నీ చెప్పేదాన్ని. మొదట్లో మిగతావాళ్ళు తలలు దించుకునేవాళ్ళు. తరువాత వాళ్ళు కూడా లేచేటప్పుడు "పోయొస్తం లింబాద్రీ" అనేవాళ్ళు.

ఇంకో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకదాంట్లో నాలుగు మాటలు. "అక్కా, గోడ దగ్గరికి వస్తున్నది." రెండో దాంట్లో ఏమీ లేదు. మడిచిన తెల్లకాగితం, మీద జైలు ముద్ర. దాన్ని కూడా ఎవరో చదివి పాస్ చేశారు.

ఎండలు ముదిరాక బెయిల్ దొరికింది. లెక్కపెడితే నూట పదకొండు రోజులు వాడు ఆ గదిలో ఉన్నాడు. గేటు బయట నేను నిలబడితే వాడు గోడకు భుజం రాసుకుంటూ వచ్చాడు. "తమ్మీ" అన్నాను. నా చెప్పుల దిక్కు చూశాడు. దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ ఒళ్ళంతా చూసి, దెబ్బలేమీ లేవు, మంచిగున్నడు అని నిద్ర గోలీలు రాశాడు. ఆ చీటీ నేనే చదువుకున్నాను.

ఇంట్లో మంచం వేశాను. దాని మీద కూర్చోలేదు. వెనక పిడకలు, కట్టెలు పెట్టుకునే చిన్న అర్ర ఉంది. అందులోకి పోయి మూలకు ఒదిగాడు. తలుపు తెరిచి ఉంటే వణుకుతాడు. మనిషి ఎదురుగా ఉంటే కళ్ళు మూసుకుంటాడు. ఇంటికొచ్చిన మూడో రోజు నాతో మొదటి మాట అన్నాడు.

"గొళ్లెం పెట్టు."

లోపలినుంచి వేసుకొమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు. బయటినుంచి పెట్టమన్నాడు. పెట్టిన తరువాతే వణుకు ఆగింది.

పట్టా ఎత్తితే మనిషి కుదురుకుంటాడని సాయవ్వ అంది. నాకూ ఆశ పుట్టింది. ఒకనాడు బతిమాలి, తల మీద తువ్వాల కప్పి కల్లానికి తీసుకుపోయాను. పని ఆపి అందరూ లేచి నిలబడ్డారు. నర్సుబాయి జరిగి దారి ఇచ్చింది. సాయవ్వ తోక ఉన్న ఒక కొమ్ము వాని చేతిలో పెట్టింది. వాడు దాన్ని చూసి కింద పడేశాడు.

"నీ పట్టానే తమ్మీ," అన్నాను. "ఎత్తు."

"ఎవలది?"

"నీదే. గిన్ని దినాలు గీడనే కూసున్నవు గద."

తల ఎత్తాడు. జైలు నుంచి వచ్చాక వాడు నా మొహం చూసింది ఆ ఒక్కసారే.

"నేను గాదు," అన్నాడు. "లోపటికి తీసుకపో."

తీసుకొచ్చి అర్రలో వదిలి గొళ్లెం పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం బువ్వ తిని వచ్చేసరికి పట్టా మీద మూడు కొమ్ములు ఉన్నాయి. తోకలు కొరికి ఉన్నాయి. గాటు నడుమ మిట్ట ఉంది. తడి ఉంది.

పని వదిలి ఇంటికి ఉరికాను. గొళ్లెం నేను పెట్టింది పెట్టినట్టే ఉంది. వాడు గోడకు మొహం పెట్టి కూర్చున్నాడు. దవడ పట్టుకొని నోరు తెరిపించి చూశాను. పళ్ళ మీద పసుపు లేదు. నాలుక ఎండిపోయి ఉంది. విరిగిన పన్ను మాత్రం అదే.

ఇప్పుడు మృగశిర దాటింది. వానలు పడుతున్నాయని సరుకంతా షెడ్డులోకి మార్చారు. పట్టాను ఎత్తకుండా ఈడ్చుకొచ్చి షెడ్డులో కూడా నా ఎడమ పక్కన పరిచాను. ఎన్నాళ్ళు ఉంచుతావని సేటు అడిగాడు. వచ్చిన మనిషే ఎత్తాలి, మా కట్టుబాటు అది అని చెప్పాను. వచ్చిండు గదా అన్నాడు. నేను కొమ్ము ఏరడానికి కూర్చున్నాను.

నిన్న కూడా నాలుగు ఉన్నాయి. ఎట్లా వస్తున్నాయో నాకు తెలియదు. ఎవరిని అడగాలో కూడా తెలియదు. వకీలు అర్జీలో దెబ్బల గురించి రాసే జాగ ఇంకా ఖాళీగానే ఉంది. రోజూ పొద్దున ఇంట్లో ఉన్నవాని తలుపుకు బయటినుంచి గొళ్లెం పెడతాను. షెడ్డుకు పోయి, రానివాని కోసం పట్టా ఊడ్చిపెట్టి, దాని పక్కన కూర్చుంటాను.