బొట్టు చెరపకుండా వేలానికి

"మా అత్త బొమ్మ అమ్మేద్దారనుకుంటన్నాను, నువ్వొచ్చి కలకత్తా పట్టుకెళ్లు" అని జంషెడ్‌పూర్ నుంచి పిన్ని ఫోన్ చేయడంతో నా ప్రయాణం మొదలైంది. పిన్ని అత్తగారు ఒకప్పుడు ఆ ఊరి టాటానగర్ స్టేషన్ బయట ఇడ్లీలు అమ్మేవారు. రైలు ఆలస్యమై అక్కడ చిక్కుకున్న ఓ కుర్ర చిత్రకారుడు ఆవిడ ఇడ్లీలు తిని, నల్ల సిరాతో ఆవిడ బొమ్మ గీసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కుర్రాడే తర్వాత దేశమంతా మెచ్చిన చిత్రకారుడయ్యాడు. ఆయన బొమ్మలు వేలంలో పలికే ధర వింటే కళ్లు తిరుగుతాయి. బాబాయి ఈ ఏడు స్టీలు కర్మాగారం నుంచి రిటైరవుతున్నాడు, క్వార్టర్ ఖాళీ చేయాలి. బొమ్మ అమ్మి రెండు గదుల సొంత ఇల్లు కట్టుకోవాలని పిన్ని ఆశ.

హౌరాలో పొద్దున్నే రైలెక్కితే దాదాపు నాలుగు గంటల్లో టాటానగర్ చేరతాం. అక్కడి నుంచి షేర్ ఆటోలో సాక్చికి వెళ్లి, ఆటో మారి పిన్ని వాళ్లుండే బారిడీహ్ చేరాలి. రెండింటికీ కలిపి వంద రూపాయల లోపే అయింది. రెండో ఆటోలో సింహాచలం అప్పన్న పటం చూసి, "బారిడీహ్ వస్తావా తమ్ముడూ?" అని తెలుగులోనే అడిగాను. "బైఠియే దీదీ" అని కూర్చోమన్నాడు. దారంతా నేను తెలుగు, అతను హిందీ. కబుర్లకు మాత్రం లోటు లేదు.

భోజనం అయ్యాక పిన్ని పటం తెచ్చింది. నాలుగు గీతల్లో ఇడ్లీపాత్ర మూత ఎత్తి నవ్వుతున్న మనిషి. నుదుట మాత్రం ఎర్రటి కుంకుమ! నేను తల పట్టుకున్నాను.

"విశ్వకర్మ పూజనాడు బాబాయి స్కూటరుకీ టూల్‌బాక్సుకీ ఎట్టినప్పుడు, అద్దం తీసి ఈవిడకీ ఎడతన్నాను. పాపం, ఆ అబ్బాయి అంతా గీసీసి బొట్టు మర్సిపోనాడు" అంది.

కలకత్తాలోని వేలం సంస్థకి ఫొటో పంపితే అక్కడి నుంచి ఒకామె ఫోన్ చేసింది. కుంకుమను నిపుణులతో తీయిస్తేనే మంచి ధర వస్తుందట. ఆ మాట చెప్పగానే పిన్ని మొహం వాడిపోయింది.

"మా అత్త ముత్తైదువగా పోయింది. ఇప్పుడు నేను బొట్టు తీయించాలేటి?"

"ఇల్లు కట్టుకోవాలి కదా పిన్నీ!"

ఆవిడ బాబాయి వైపు చూసింది. బాబాయి తల ఊపాడు.

"బొట్టుతోనే అమ్మమను. ధర తగ్గితే తగ్గనీ. రెండు గదులు కాకపోతే ఒక గదిలో ఉంటాం" అంది పిన్ని.

ఆ క్షణాన ఆవిడ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. మళ్లీ ఫోన్ చేశాను, వాళ్లు ఒప్పుకున్నారు.

సాయంత్రం రైలుకి బయల్దేరుతుంటే పిన్ని కుంకుమభరిణ పట్టుకొచ్చింది. నేను కెవ్వుమన్నాను.

"అరవకు. ఊరెళ్లే ఆడమనిసిని బొట్టెట్టకుండా పంపుతామేటి? అద్దం మీదే ఎడతన్నాను లే."

ఎన్నో ప్రదర్శనల్లో ఆ చిత్రకారుడి బొమ్మలు చూశాను. ప్రతిసారీ ముందు సంతకం కోసమే వెతికాను. ఈసారి రైల్లో దారంతా ఆవిడ మొహమే చూశాను. మీరెప్పుడైనా ఇలాంటి పటం తీసుకెళ్తే బెర్తు కిందికి తోయకండి, పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకోండి. మర్నాడు వేలం సంస్థలో పటం అప్పగిస్తుంటే, అక్కడి ఉద్యోగి గుడ్డ తీసి అద్దం తుడవబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.