మచ్చలు రాలేదని చెప్పాను

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా పెద్దపాప బ్లడ్ కేన్సర్‌తో పోయింది. ఊళ్లో మాత్రం కిడ్నీ జబ్బని చెప్పాం. మాది కంచిలి దగ్గర ఉద్దానం పల్లె. ఇక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. అది వస్తే ఎవరూ ఎవర్నీ తప్పు పట్టరు, నీళ్లనే తిట్టుకుంటారు. కేన్సరంటే ఎవరి వంశంలో ఉందని అడుగుతారనీ, మా చిన్నమ్మాయికి రేపు సంబంధాలు రావనీ మా అత్త భయపడింది. ఆవిడ మీదకి తోసేయను. నాకూ అదే నయమనిపించింది. విశాఖలో ఇచ్చిన మందులకి పాప జుట్టంతా ఊడిపోతే, సింహాచలంలో మొక్కు తీర్చామన్నాను. అడిగినవాళ్లకి పిల్ల కూడా అదే చెప్పింది. దానిచేత కూడా అబద్ధమాడించాను కదా?

పాప పోయాక మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మొగుళ్లని డయాలసిస్‌కి పలాస తిప్పే ఆడవాళ్లు, ఆ జబ్బుతో మొగుళ్లు పోయినవాళ్లు, వంతులేసుకుని అన్నం తెచ్చారు. తినకపోతే తిట్టి తినిపించారు. తర్వాత మధ్యాహ్నాలు జీడిపిక్కలు ఒలిచే చోటికి లాక్కెళ్లి తమ మధ్యన కూర్చోబెట్టుకున్నారు. ఏడుపొస్తే ఏడవనిచ్చేవాళ్లు. వాళ్లే లేకపోతే పిచ్చిదాన్నయిపోయేదాన్ని. కానీ వాళ్లు నన్ను దగ్గరికి తీసింది, తమలాగే కిడ్నీ జబ్బు బాధ పడిన మనిషిననుకుని. నిజం తెలిస్తే ఈ చోటు కూడా పోతుందేమో? ఆ భయం నాలో పాతుకుపోయింది.

ఆ ఆడవాళ్లలోనే పార్వతి ఒకతి. భర్త కిడ్నీ జబ్బుతోనే పోయాడు. ఒక్కతే కూతురు. ఆ పిల్లకి తగ్గని జ్వరం పట్టుకుంది, తొడల మీద దెబ్బ తగిలినట్టు కమిలిన మచ్చలు వచ్చాయి. పార్వతి నన్ను పక్కకి పిలిచింది.

“అక్కా, మీ పాపకీ ఇలాటి మచ్చలేటైనా ఒచ్చినాయేటి?”

వచ్చాయి. అచ్చం అవే మచ్చలు.

“నేదే. మా పిల్లకి కాళ్లు వాసిపోనాయి. ముందు ఆ బోరు నీళ్లు మానిపించి సూడు,” అన్నాను.

ఎందుకన్నాను? అవునంటే పిల్లని వెంటనే విశాఖ తీసుకెళ్తుంది, అక్కడ జబ్బు పేరు చెబుతారు, దాంతో మా పాప జబ్బు పేరూ బయటపడుతుంది. ఇదంతా అప్పటికప్పుడే నా బుర్రలో తిరిగింది. తెలియక అన్నానని చెప్పుకోవడానికి లేదు.

పార్వతి నీళ్ల డబ్బాలు కొనడం మొదలుపెట్టింది. పలాసలో కిడ్నీ రక్తపరీక్ష ఒక్కటే చేయించి, క్రియాటినిన్ బాగానే ఉందని నవ్వుకుంటూ వచ్చి నాకే ముందు చెప్పింది. మా వైపు ఆ ఒక్కటీ బాగుందంటే గండం గడిచినట్టే. అప్పుడైనా చెప్పాల్సింది. పోన్లే, మంచిదే అన్నాను. చివరికి విశాఖ వెళ్లేసరికి, బాగా ఆలస్యం చేశారని అక్కడి డాక్టర్లు అన్నారట.

కూతురు పోయాక పార్వతి ఏమీ దాచలేదు. కేన్సరని అందరి ముందూ చెప్పి ఏడ్చింది. ఒక్కరూ దూరం జరగలేదు. వంశం మాట ఎవరూ ఎత్తలేదు. నాకు అన్నం తెచ్చినవాళ్లే ఆమెకీ తెచ్చారు. నేనూ తీసుకెళ్లాను, నా చేత్తోనే తినిపించాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నేను నిజం చెప్పి ఉంటే ఆ పిల్ల బతికేదా? మా పాపని తొందరగానే తీసుకెళ్లినా దక్కలేదు కదా అని సర్దిచెప్పుకోబోతాను. మనసు ఒప్పుకోదు. మా పాప కోసం నేను చేయగలిగిందంతా చేశాను. పార్వతిని చేయనివ్వలేదు.

ఇప్పుడు మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని జీడిపిక్కలు ఒలుస్తాం. మొన్న నా భుజం మీద తల పెట్టి, “నువ్వు నేకపోతే నానేటయిపోదునో అక్కా,” అంది. ఊ కొట్టాను.

ఆమెకి చెప్పే ధైర్యం నాకింకా లేదు. ఎప్పటికైనా వస్తుందో రాదో. మీకు చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది. కాసేపట్లో పార్వతి గుమ్మంలోకొచ్చి నన్ను పిలుస్తుంది. వెళ్తాను.