చేతుల్లేని దొరగారి కుర్చీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఫోన్‌లో మాత్రం రోజంతా చూసినా తరగనంత డేటా వచ్చే రోజులవి. ఖాళీ బుర్రకీ నిండు డేటాకీ జత కుదిరితే మనిషి ఏమైనా అయిపోతాడు. మా వీధిలో ఒకడు వాస్తు చెప్పేవాడయ్యాడు, నేను పాతవస్తువుల నిపుణుణ్ణయ్యాను. ఇంగ్లండు సీమలో ఎక్కడో తెల్లజుట్టు పెద్దమనుషులు కుర్చీలు తిరగేసి, కాళ్లు తడిమి, వయసూ వెలా చెప్పే వీడియోలు రాజమండ్రిలో మా మేడ మీద పడుకుని చూసేవాణ్ణి. చూసినవాణ్ణి చూసినట్టు ఊరుకోవచ్చు కదా! ఇంట్లో స్టూళ్లు తిరగేశాను, పీటలు తిరగేశాను, పూజగదిలో చెక్కమందిరం తిరగెయ్యబోయి అమ్మచేత చీవాట్లు తిన్నాను. "కుర్చీని కూర్చోడానికి తప్ప అన్నిటికీ వాడుతున్నాడే వీడు" అని నాన్న నిట్టూర్చేవారు.

అలాంటి నాకు నరసాపురం నుంచి తాతయ్య (అమ్మ వాళ్ల నాన్న) కబురు చేశారు. తాతయ్యకి అక్కడ ఇత్తడి సామాన్ల కొట్టు. కొట్టు వెనకే ఇల్లు, ఇంటి హాల్లో దొరగారి కుర్చీ. పూర్వం ఓ కలెక్టరు దొర సామాను వేలం వేస్తే మా ముత్తాత పాడుకొచ్చారట. వీపు నిండా గుంటలు గుంటలుగా బొత్తాలు, నెత్తిన చెక్కుడు గులాబీలు, ముందు కాళ్లకి పింగాణీ చక్రాలు. చేతులు మాత్రం లేవు. "తీర్పు చెప్తూ దొర కోపంతో గుద్దాడ్రా, రెండూ ఊడిపోయాయి. అధికారమంటే అదీ!" అనేవారు తాతయ్య. ఆ కుర్చీలో ఆయన తప్ప ఎవరూ కూర్చోకూడదు. ఆయనేమో ఆరడుగుల మనిషి, అదేమో పొట్టి కుర్చీ. మోకాళ్లు గడ్డం దాకా వచ్చేవి, మోచేతులేమో కుర్చీకి లేని చేతుల మీద ఆనించినట్టు గాల్లో ఉండేవి. అయినా సరే, బజారులో ఏ తగువొచ్చినా ఆ కుర్చీ ముందుకే వచ్చేది. తాతయ్య అంతా విని, సరిగ్గా తీర్పు చెప్పే ముందు దాహం వేసి లోపలికి వెళ్లి, మంచినీళ్లు తాగొచ్చి తీర్పు చెప్పేవారు. (ఎండాకాలమైనా వానాకాలమైనా ఆ దాహం తప్పేది కాదు.)

కబురెందుకంటే, ఎదురుకొట్టు తాతగారు తమ ఉయ్యాలబల్ల దొరగారి కుర్చీ కంటే పాతదనీ, ఖరీదైనదనీ బజారంతా చాటారట. ఇద్దరిదీ ఒకటే వ్యాపారం, బావా బావా అనుకుంటూనే ఒకరి గొంతులో ఒకరు వెలక్కాయలు పెట్టుకునే స్నేహం. "మా మనవడు ఈ చదువే చదివాడు. వాడొచ్చి పదిమందిలో తేలుస్తాడు" అని తాతయ్య పందెం కట్టేశారు. నేను చదివింది బీకాం. ఆ ముక్క ఆయనకి చెప్పేంత నిజాయితీ నాకు లేదు. బస్సెక్కి, రావులపాలెంలో ఓ అరటి గెల కొనుక్కుని, పండితుడిలా దిగాను.

మర్నాడు హాలు కిక్కిరిసింది. అమ్మమ్మ వంటింటి గుమ్మంలో, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. నేను కుర్చీని తిరగేసి, కిందికి దూరి, ఫోన్ లైటు వేసి, బయటికొచ్చి గొంతు సవరించుకున్నాను. "కర్ర సీమ కర్రండి. లోపల దూది కాదండి, గుర్రపు వెంట్రుకలు. చక్రాలు చూడండి. నూటికి నూరుపాళ్లూ విక్టోరియా రాణి కాలం నాటిదే!" తాతయ్య మీసం లేచింది. "విన్నావా బావా?" అన్నారు. ఎదురుకొట్టు తాతగారి మొహం మాడిపోయింది. అక్కడితో నోరు మూసుకుంటే నేను నేనెందుకవుతాను?

"అయితే చేతులు విరగలేదు తాతయ్యా, అసలు పెట్టనే లేదు. విరిగితే బిగించిన చోట చిల్లులుండాలి కదా? ఇలాంటివి జతగా చేసేవారు. దొరగారిదానికి చేతులుంటాయి. దొరసానులేమో గంపల్లాంటి గౌన్లు వేసుకునేవారు, కుర్చీకి చేతులుంటే ఇరుక్కుపోతారని అవి పెట్టకుండా, ఎత్తు కూడా తగ్గించి చేసేవారు. జత లేదు కాబట్టి వెల కూడా బాగా తగ్గుతుంది. అంటే ఇది ఆడవాళ్ల..."

నా మాట నాకే అప్పుడు వినపడింది. ఎదురుకొట్టు తాతగారు కాఫీ గ్లాసు మెల్లిగా కింద పెట్టారు. "అయితే బావా, ఇన్నేళ్లూ మేం తగువులు చెప్పుకుంది దొరసానమ్మగారి దగ్గరా?" అన్నారు. హాలు గొల్లుమంది.

సాయంత్రానికల్లా బజారంతా పాకింది. "దొరసానమ్మగారు కాఫీ తాగారాండీ?" అని సైకిళ్ల మీద పోయేవాళ్లు కూడా పలకరించారు. తాతయ్య ప్లాస్టిక్ కుర్చీ ఒకటి గోడవైపు వేసుకుని కూర్చుండిపోయారు. అన్నానికి లేవలేదు. ఆ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చింది. "పొరపాటు పడ్డానని చెప్పేస్తాను తాతయ్యా, మగకుర్చీయే అంటాను" అన్నాను. "ఇంక నువ్వేం తేల్చకురా బాబూ, తేల్చింది చాలు. ఇప్పుడెళ్లి ఆ మాటంటే ఇంకాస్త నవ్వుతారు" అన్నారాయన, గోడకేసే చూస్తూ.

మర్నాడు మొగల్తూరు నుంచి అన్నదమ్ములిద్దరు దిగారు, చేపల వ్యాపారం చేసుకునేవాళ్లు. ఇద్దరూ కలిసి మా కొట్లోనే కొన్న, పెళ్లివంటలు వండే పెద్ద గుండిగ ఒకటుంది. ఇప్పుడు ఇద్దరి ఇళ్లలోనూ పెళ్లిళ్లు, గుండిగ నాదంటే నాదని తగువు. ఎదురుకొట్టు తాతగారు వినోదం చూడ్డానికి వచ్చి అరుగెక్కేశారు. తాతయ్య గోడవైపు నుంచి తిరగలేదు. అన్నదమ్ములు ఖాళీ కుర్చీకేసి చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు అమ్మమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. కూర్చుంటే, ఏం చెప్పను! పాదాలు చక్కగా నేలకానాయి, మోకాళ్లు మోకాళ్లుండాల్సిన చోటే ఉన్నాయి.

"ముందు ముహూర్తం ఎవరింట్లోనయ్యా?"

"మా ఇంట్లోనేనమ్మా" అన్నాడు తమ్ముడు.

"అయితే నువ్వు పట్టుకెళ్లు. పెళ్లవగానే తోమి, తళతళలాడించి మీ అన్నగారింట్లో దింపు. అడుగంటిన గుండిగ పంపావని తెలిసిందో, ఈ కొట్లో నీకు గరిటె కూడా అమ్మను."

అన్నదమ్ములిద్దరూ దణ్ణం పెట్టేశారు. ఎదురుకొట్టు తాతగారు కుర్చీకేసీ అమ్మమ్మకేసీ మార్చి మార్చి చూశారు. తాతయ్య ప్లాస్టిక్ కుర్చీతో సహా ఇటు తిరిగారు. "ఏంటి బావా, అలా చూస్తావ్? ఇన్నాళ్లూ తీర్పులు ఆవిడవే. నేను వంటింట్లోంచి మోసుకొచ్చేవాణ్ణి. ఆ నీళ్లు తాగి తాగి కడుపు చెరువైపోయింది!" అని ఆయనే ముందు నవ్వారు. ఆ నవ్వు విన్నాకగానీ నా ప్రాణం కుదుటపడలేదు. ఆ పూట తాతయ్య రెండు పూటల భోజనం ఒకేసారి చేశారు.

ఇప్పుడు నేను ఉద్యోగం చేసుకుంటున్నాను, కుర్చీలు తిరగెయ్యను. మొన్న నరసాపురం వెళ్తే అమ్మమ్మ ఆ కుర్చీలోనే కూర్చుని బజారులో ఎవరింటివాళ్లో ఇద్దరు తోటికోడళ్ల తగువు తేలుస్తోంది. తాతయ్య పక్కన స్టూలు మీద ఉన్నారు. "ఏమే, నడుం నొప్పిగా ఉంది. కాసేపు నన్ను కూర్చోనిద్దూ" అన్నారు.

"అలాగేనండి, గౌను తొడుక్కుని రండి" అంది అమ్మమ్మ, తల తిప్పకుండా.

అందరం నవ్వాం. నాకు మాత్రం ఆ నవ్వులో ఫోన్ లైటు పట్టుకుని నేల మీద పాకిన ఆ నిపుణుడు గుర్తొచ్చాడు. కుర్చీలో కర్ర చూశాడు, చక్రాలు చూశాడు, గుర్రపు వెంట్రుకలు కూడా పీకి చూశాడు, పిచ్చి వెధవ! గుమ్మంలో నిలబడ్డ మనిషికేసి మాత్రం ఒక్కసారైనా లైటు తిప్పలేదు.