సైకిళ్ళ కొట్టంలో చారు

మా ఖాజాగూడ అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఈమధ్య రోజూ సాయంత్రం ఒక అమ్మాయి అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తోంది. టాంజానియా నుంచి చదువుకోవడానికి వచ్చి, మా పై అంతస్తులో మరో ఇద్దరితో కలిసి అద్దెకుంటోందట. "ఏం పరేషానో ఏమో అమ్మా, రూముల నిలుస్తలేదు. మన కారం పడ్తలేదంట, రొట్టె పాకిట్లే తింటున్నది" అని నిన్న వాచ్‌మన్ చెప్పాడు. పిలిచి ఇంత పెరుగన్నం పెడదామంటే మా కోడలు నవ్వి, "ఎందుకత్తయ్యా, ఫోన్లో నొక్కితే ఏ దేశపు వంటైనా గుమ్మంలోకొస్తుంది, తనని ఇబ్బంది పెట్టకండి" అంది. అప్పటినుంచి నాకూ కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ నడక నేనెరుగుదును. కడుపులో ఆకలీ ఉండి, ఎదురుగా తిండీ ఉండి, రెండింటికీ పొత్తు కుదరనప్పుడు మనిషి నడిచే నడక అది.

పెళ్ళికి ముందు, నీటిపారుదల శాఖలో చిన్న ఇంజనీరుగా ఉన్న రోజుల్లో, కాలువల గురించి ఏడాది చదువుకని నన్ను హాలండ్ పంపారు. రాజమండ్రిలో గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, అదీ నీళ్ళున్న దేశమేగా, భయమెందుకనుకున్నాను. అప్పట్లో విదేశం వెళ్ళడమంటే పెట్టెలో సగం పచ్చళ్ళూ పొడులేనని మన వయసువాళ్ళకి తెలియనిది కాదు. నా ఆవకాయ జాడీ మాత్రం దారిలోనే పగిలి చీరలన్నిటికీ నూనె పట్టింది. ఆ చీరల్ని ఉతకడానికి మనసొప్పక కొన్నాళ్ళు వాసన చూసుకుంటూ ఉండిపోయానంటే నవ్వుతారేమో.

అక్కడ పొద్దునా మధ్యాహ్నమూ చల్లని రొట్టే. వేడిగా తినేది సాయంత్రం ఆరింటికి ఒక్కసారే, అదీ ఉడికించి చిదిమిన బంగాళాదుంపలు. నేనుండే ఇంటావిడ భర్త పోయిన ఒంటరి మనిషి, మా అమ్మ వయసుది. కాఫీ ఇచ్చి, డబ్బాలోంచి ఒక్క బిస్కెట్టు తీసుకోనిచ్చి, టక్కున మూత పెట్టేసేది. అది అక్కడి మామూలు పద్ధతేనని తెలియక ఆ మూత చప్పుడు నాకు చెంపదెబ్బలా తగిలేది. క్లాసులో కూర్చుంటే కాళ్ళు ఊపడం, గదికొస్తే కోటు విప్పకుండానే మళ్ళీ బయటపడి, కాలువగట్ల మీద ఎదురుగాలిలో ఎటో నడుస్తూ పోవడం, ఇదే నా దినచర్య అయింది. చివరికి ప్రొఫెసరుగారి దగ్గరికెళ్ళి నన్ను ఇంటికి పంపించెయ్యమని అడిగేశాను. వారం ఆగి ఆలోచించుకోమన్నారాయన. మా ఆఫీసు విదేశం పంపిన మొదటి ఆడపిల్లను నేను. మధ్యలో తిరిగొస్తే ఇక ఏ అమ్మాయినీ పంపరని తెలుసు, తెలిసినా మనసు నిలవలేదు.

ఆ ఆదివారం ఇంటావిడ చర్చికి వెళ్ళగానే, మిగిలిన ఎండుమిరపకాయలూ ఇంగువా తీసి, ఆవిడ వంటింట్లో చారుకి పోపు పెట్టాను. ఆ ఘాటు కిటికీ తెరలకు కూడా పట్టేసింది. ఆవిడ వచ్చి దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, అంత చలిలోనూ కిటికీలన్నీ బార్లా తెరిచి, "నా వంటింట్లో ఇది కుదరదు" అంది. చారు సింకులో పారబోసి, గదికెళ్ళి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

మర్నాడు వచ్చేసరికి పెరట్లో సైకిళ్ళు పెట్టుకునే కొట్టంలో ఒక బల్ల, దాని మీద చిన్న గ్యాసు పొయ్యి అమర్చి ఉన్నాయి. "ఇక్కడ ఏమైనా వండుకో" అంది. నాకు ఒళ్ళు మండింది. మన ఇళ్ళల్లో మనిషిని విడిగా పెరట్లో కూర్చోబెట్టడమంటే ఏమిటో ఆవిడకేం తెలుసు! బింకంగా ఆ వైపే చూడలేదు. కానీ ఒక సాయంత్రం వడగళ్ళు పడుతుంటే ఆకలి ముందు రోషం ఆగలేక, కోటుతోనే సైకిళ్ళ మధ్య నిలబడి అన్నం వండి చారు కాచుకున్నాను. నిలబడే తింటూంటే తలుపు తోసుకుని ఆవిడ వచ్చింది, ఒక చేతిలో కుర్చీ, రెండో చేతిలో తన బంగాళాదుంపల పళ్ళెం. కుర్చీ నాకు వేసి, తను బోర్లించిన డబ్బా మీద కూర్చుని, "మా ఆయన్ని కూడా చుట్ట కాల్చుకోవడానికి ఇక్కడికే పంపేదాన్ని. పంపి, నేనూ వచ్చి కూర్చునేదాన్ని" అంది. కప్పులో చారు పోసిస్తే ఊదుకుంటూ తాగి, గట్టిగా తుమ్మి, మళ్ళీ కప్పు చాపింది.

నేను వెళ్ళడం లేదని ప్రొఫెసరుగారికి చెప్పేశాను. కాలువగట్ల మీద తిరుగుడు మానలేదు గాని, ఆరింటికల్లా కాళ్ళు వాటంతటవే కొట్టం వైపు మళ్ళేవి. రెండేళ్ళ తరవాత మా ఆఫీసు నుంచి మరో అమ్మాయి వెళ్ళి ఆవిడ ఇంట్లోనే దిగింది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ప్రతి వంటింటికీ పొగ లాగేసే చిమ్నీ ఉంది. పక్క ఫ్లాటులో ఏం వండుకుంటున్నారో, అసలు వండుకుంటున్నారో లేదో కూడా తెలియదు. లిఫ్టులో అందరం మర్యాదగా నవ్వుకుంటాం. ఎవరికీ ఎవరి మీదా కోపం రాదు. కోపం వచ్చేంత దగ్గరగా ఎవరం ఉంటున్నామని? ఈ సంగతి తోచినప్పుడల్లా, పొగలు కక్కే అన్నం ముందు కూర్చున్నా సరే, లేచి ఎటైనా నడుస్తూ పోవాలనిపిస్తుంది.