మణెమ్మ దగ్గరున్న దొర

మార్కాపురంలో పలకల షెడ్లు వరసగా ఉండే వీధి చివర, మూతబడిన ఒక షెడ్డు వెనక రెండు గదుల్లో మణెమ్మ కాపురం. భర్త ఏబేలు ఆ షెడ్డుకు కాపలా. కొడుకు జాన్సన్ ఆటో తోలుతాడు. కోడలు గ్రేస్ బజారులో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. వాళ్ళకు ఇద్దరు ఆడపిల్లలు. పెళ్ళయిన కొత్తలో మణెమ్మ ఆ షెడ్డులోనే కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగించేది. పిల్లలు పలకల మీద రాయడం మానేశాక ఆ పని పోయింది. ఇప్పుడు ఇంటి పని ఉంది, అది మాత్రం ఎప్పటికీ పోయే పని కాదు.

ఆ ఇంట్లో ఆమె పేరో, వరసో వినపడని గడియ ఉండదు. “అమ్మా, నా చొక్కా యాడ పెట్టినావు?” అని కొడుకు. “అత్తా, పాలు చూడు, పొంగుతాండాయి” అని కోడలు. “ఏమే, నా బీపీ బిళ్ళ ఏది?” అని ఏబేలు. అందరూ మంచివాళ్ళే. ఆమె లేకపోతే వాళ్ళకు పూట గడవదు. అయినా సాయంత్రం గడప మీద కూర్చున్నప్పుడు, తనకేదో కావాలని మణెమ్మకు అనిపించేది. ఏం కావాలో అడిగితే మాత్రం చెప్పలేకపోయేది.

కొత్త సంవత్సరం ఆరాధన అయిన కొద్దిరోజులకు, పశువుల ఆసుపత్రిలో పనిచేసే కరుణాకరం ఒక ట్రాలీ ఆటో తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. అతనూ వీళ్ళ చర్చి సంఘం మనిషే. మణెమ్మను అక్కా అని పిలుస్తాడు.

“అక్కా, ఒకసారి రా. భయపడొద్దు.”

ట్రాలీలో గోనెపట్టాల మీద పెయ్యదూడంత కుక్క పడుకుని ఉంది. తెలుపు మీద ఎర్రమట్టి రంగు మచ్చలు, జోలెలాగా వేలాడే మూతి, కిందికి జారిన కళ్ళు. ఒళ్ళంతా బొచ్చు ఉండలు కట్టి, చెవుల నిండా నెత్తురు పీల్చే గోమార్లు పట్టి ఉన్నాయి. ముందు కాలికి పుండు.

“ఇదేంది తమ్ముడా, ఎలుగ్గొడ్డు మాదిరి ఉంది?”

“సెయింట్ బెర్నార్డ్ అంటారక్కా. మంచుకొండల్లో ఉండే జాతి. ఎవురో కారులో తెచ్చి త్రిపురాంతకం రోడ్డు పక్కన టీకొట్టు కాడ ఇడిసిపెట్టి పోయినారు. చిన్నప్పుడు ముద్దుగుందని కొనుక్కుంటారు, పెరిగినంక సాకలేరు. ఒంగోలులో రాధాకుమారి మేడమని ఇట్లాటి కుక్కలకు ఇల్లు చూసిపెడతాది. ఎవురన్నా పెంచుకునేవాళ్ళు దొరికేదాక నీ కాడ పెట్టుకోక్కా. ఈ షెడ్డయితే చల్లగుంటాది. ఇంకెవురి ఇంట్లో పడతాది ఇది?”

గ్రేస్ గడపలో నిలబడి, “మనకే చోటు లేదత్తా” అంది. ఏబేలు ట్రాలీ చుట్టూ ఒక చుట్టు తిరిగి, “ఇది తిన్నంక మనకేమన్నా మిగులుతాదా?” అన్నాడు. కుక్క తల పైకెత్తి, మణెమ్మను పట్టించుకోకుండా రోడ్డు వైపు చూసింది. ఏదో కారు పోతున్న చప్పుడు. ఆ చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా చూసి, తల మళ్ళీ దించుకుంది.

“దించు తమ్ముడా” అంది మణెమ్మ.

మొదట్లో అది ముద్ద ముట్టలేదు. పాత రాతిపలకలు పేర్చి ఉన్న మూలను వదిలేసి, గేటు కనపడే చోట పడుకునేది. కారు హారన్ మోగితే చాలు, కుంటుకుంటూ గేటు దాకా పోయి, ఊచల్లో మూతి పెట్టి నిలబడేది. కారు ఆగేది కాదు. మణెమ్మ పెరుగన్నం కలిపి గిన్నె ముందు పెట్టేది. చికెన్ కొట్టులో మెడలు, కాళ్ళు అడిగి తెచ్చి ఉడకబెట్టి పెట్టేది. కుక్క వాసన చూసి మొహం తిప్పుకునేది.

“నిన్ను ఇడిసిపెట్టి పోయినోళ్ళ కోసరమా ఇంత ఏడుపు?” అని కసిరింది ఒకరోజు. మరుక్షణమే తన మాటకు తనకే బాధ కలిగింది. పక్కనే చతికిలబడి, దాని పుండుకు మందు రాసి, బొచ్చులో ఉండలు ఒక్కొక్కటే కత్తిరించసాగింది. చాలాసేపు అట్లాగే కూర్చుంది. ఇంట్లోంచి ఎవరో పిలిచారు. “వస్తాండా” అంది గానీ లేవలేదు. అప్పుడు ఆ పెద్ద తల మెల్లగా జరిగి జరిగి ఆమె ఒళ్ళోకి వచ్చింది. రాయంత బరువు. మణెమ్మ గిన్నె దగ్గరికి లాక్కుని ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. తిన్నది. ఇంకో ముద్ద పెట్టింది. అదీ తిన్నది. తింటున్నంతసేపూ ఆమె మొహంలోకే చూసింది.

ఆ నడకా, ఆ తెల్ల ఒళ్ళూ చూసి దొర అని పేరు పెట్టింది మణెమ్మే. ఆ పేరు వీధంతా పాకింది.

దొర ఆమె ఎక్కడికి పోతే అక్కడికి వచ్చేవాడు. మణెమ్మ నోట “అది” పోయి “వాడు” ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు. బట్టలు ఉతుకుతుంటే బండ పక్కన పడుకునేవాడు. నిలబడి ఉంటే వచ్చి కాళ్ళకు ఆనుకునేవాడు. ఆ బరువుకు ఆమె తూలి గోడ పట్టుకునేది. “నూకొద్దురా, పడతా” అంటూ నవ్వేది. సంతకు పోయి వస్తే, వీధి మొదట్లో ఆమె చెప్పుల చప్పుడు వినపడగానే గేటు దగ్గర నిలబడి ఒళ్ళంతా ఊపేవాడు. సంచిలో ఏముందో చూసేవాడు కాదు. ఆమె లోపలికి వచ్చిందా లేదా, అంతే వాడికి కావాల్సింది. కారు హారన్లకు లేవడం మానేశాడు.

వారానికొకసారి రాధాకుమారి ఫోన్ చేసేది. “మణెమ్మగారూ, బాగా చూస్తున్నారంట. ఎక్కువ అలవాటు కావొద్దండీ, ఇల్లు దొరికాక మీకే కష్టమవుతుంది.” “అట్లేం లేదులే మేడం” అనేది మణెమ్మ, దొర చెవి వెనక గోకుతూనే.

ఫిబ్రవరి చివర గిద్దలూరు వైపు నుంచి మామిడితోట ఆసామి ఒకాయన వచ్చాడు. తోటకు కాపలా కుక్క కావాలట. షెడ్డులో రాతిపలకల మీద కాళ్ళు బార్లా చాపి నిద్రపోతున్న దొరను చూసి, “మనిషొస్తే లేవదా ఇది?” అన్నాడు.

“ఏం లేస్తాడు సార్, ఒట్టి సోమరి. అరవడం గూడా రాదు. దొంగలొస్తే ఎదురుపోయి చెయ్యి నాకుతాడు” అంది మణెమ్మ.

ఆయన పెదవి విరిచి వెళ్ళిపోయాడు. అంతకు ముందురోజే గేటు దగ్గరికి వచ్చిన పాతసామాన్లవాడిని దొర షెడ్డు అదిరేట్టు అరిచి తరిమాడు. ఏబేలు మంచం మీద నుంచి, “మే, నోరు తెరిస్తే అంత అబద్దమా?” అన్నాడు. ఆ సాయంత్రం మణెమ్మ పిల్లలకు పెట్టే గుడ్డు ఒకటి ఎక్కువ ఉడకబెట్టింది, అది ఎవరికో గ్రేస్‌కు అర్థమైంది. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని, ఎవరూ రాకుండా చూడు తండ్రీ అనుకుంది. అట్లా అడగొచ్చో అడగకూడదో ఆమెకు తెలియలేదు.

మార్చి నడుమ నుంచే ఎండ ముదిరింది. పొద్దున తొమ్మిదికల్లా రేకులు కాలిపోతున్నాయి. రాళ్ళ చలువ కూడా చాలలేదు. మణెమ్మ గోనెసంచులు తడిపి పరిచేది, అవి చూస్తుండగానే ఆరిపోయేవి. పిల్లల గదిలో ఫ్యాను తెచ్చి దొర ముందు పెడితే గ్రేస్ మూతి ముడుచుకుంది. దొర నాలుక బయటేసి, పక్కలు ఎగరేస్తూ పడుకునేవాడు. ఆమె వెంట తిరగడం తగ్గించాడు. లేచి రాలేక, పడుకున్న చోటి నుంచే ఆమె పోయే దిక్కుకు కళ్ళు తిప్పేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మణెమ్మ నీళ్ళ బకెట్టు తెచ్చేసరికి దొర లేవబోయి, కాళ్ళు తడబడి, పక్కకు ఒరిగిపోయాడు. కళ్ళు తేలేశాడు. నోటి వెంట సొంగ. ఆమె వేసిన కేకకు వీధిలోవాళ్ళు వచ్చారు. కరుణాకరం వచ్చేదాకా గ్రేస్ బిందెల కొద్దీ నీళ్ళు తోడి ఇచ్చింది, మణెమ్మ వాడి పాదాల మీద, పొట్ట మీద పోస్తూనే ఉంది. కరుణాకరం సెలైన్ ఎక్కించాడు. పొద్దు వాలాక దొర తోక చివర ఒకసారి కదిలింది.

“ఈసారికి బతికినాడక్కా” అన్నాడు కరుణాకరం చెమట తుడుచుకుంటూ. “మే నెల మాత్రం దాటడు. ఇది మన ఎండలు ఓర్చుకునే జీవం కాదు. నువ్వెంత చూసినా కాదు.”

మణెమ్మ తడి చీరతోనే కూర్చుని ఉంది. కాసేపటికి, “ఫోను కలుపు ఆ మేడానికి” అంది.

రాధాకుమారి పలకగానే, “మేడం, తోటలోళ్ళకు, మేడల్లోళ్ళకు ఒద్దు. చల్లటి ఊరు చూడండి. వాడు బతికే ఊరు చూడండి. తొందరగా చూడండి” అంది. ఫోను పెట్టేశాక ఇంటి వెనక్కి పోయి చాలాసేపు రాలేదు. ఆ పూట ఎవరూ ఆమెను పిలవలేదు.

ఏప్రిల్ మొదట్లో కూనూరు నుంచి ఒక జంట వచ్చింది. ఇద్దరూ టీచర్లుగా చేసి రిటైరైనవాళ్ళు, నెల్లూరు వైపు నుంచి పోయి ఊటీ కొండల్లో స్థిరపడ్డారు. ఇంతకుముందు ఇదే జాతి కుక్కను ముసలిదై పోయేదాకా సాకారట. టీచరమ్మ దొర పక్కన నేల మీదే కూర్చుని, అడగకుండానే చెవుల్లోకి తొంగిచూసి, “ఎంత శుభ్రంగా పెట్టారమ్మా!” అంది. ఆ మనిషిలో తప్పు వెతకాలని మణెమ్మ ఎంత చూసినా దొరకలేదు.

కారు తలుపు తీశారు. దొర ఎక్కలేదు. లాగితే నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి నిలబడ్డాడు. కారు చూస్తే వాడికేం గుర్తొచ్చిందో. వణుకు మొదలైంది. చివరికి మణెమ్మే ముందు ఎక్కి వెనక సీట్లో కూర్చుంది. వెంటనే వాడూ ఎక్కి ఆమె ఒళ్ళో తల పెట్టాడు. ఆమె దిగబోతే వాడూ దిగబోయాడు.

“గిద్దలూరు దాక వస్తా సార్. నాలుగు మాటలు చెప్పుకుంటా పోతే నెమ్మదిస్తాడు” అంది. ఇంట్లో కట్టుకునే పాతచీరతోనే బయలుదేరింది.

కారులో ఏసీ చల్లగా ఉంది. కంభం దాటేసరికి దొర రొప్పడం ఆగింది. అట్లా నోరు మూసుకుని, తీరిగ్గా ఊపిరి తీసుకుంటూ వాడు పడుకోవడం ఆమె మూడు వారాలుగా చూడలేదు. దారి పొడుగునా వాడి తల నిమురుతూ టీచరమ్మకు చెప్తూనే ఉంది. పెరుగన్నం అంటే ప్రాణం. ఉరుముకు భయం. కుడి చెవి వెనక గోకితే వెనక కాలు ఆడిస్తాడు. నిలబడి ఉంటే వచ్చి ఆనుకుంటాడు, నూకేస్తాడు, కసరొద్దు. ఇక చెప్పడానికి ఏమీ మిగలలేదని తెలిసినప్పుడు గిద్దలూరు వచ్చింది.

దొర గాఢంగా నిద్రపోతున్నాడు. టీచరమ్మ తన శాలువా మడిచి ఇచ్చింది. మణెమ్మ వాడి తలను రెండు చేతులా ఎత్తి, తన ఒళ్ళు తప్పించి, శాలువా మీద పెట్టింది. వాడు ఒకసారి నిట్టూర్చాడు, లేవలేదు. లేపి చెప్పాలా, ఇట్లాగే దిగిపోవాలా అని ఒక్క క్షణం ఆగింది. లేపితే ఇక తను దిగలేననిపించింది. చప్పుడు కాకుండా తలుపు వేసింది. నంద్యాల రోడ్డులో కారు కనుమరుగయ్యేదాకా నిలబడి, మార్కాపురం బస్సెక్కింది. పక్క సీటులో మనిషి ఆమె చీరంతా అంటుకుని ఉన్న తెల్ల వెంట్రుకలు చూసి, కొంచెం జరిగి కూర్చుంది.

వారం తిరగకముందే కూనూరు నుంచి గ్రేస్ ఫోనుకు వీడియో కాల్ వచ్చింది. పొగమంచులో పచ్చగడ్డి మీద దొర పరుగెత్తుతున్నాడు! వాడికి పరుగెత్తడం వచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదు. మణెమ్మ ఉండబట్టలేక, “దొరా! ఒరే దొరా!” అంది. వాడు టక్కున ఆగాడు. టీచరమ్మ చేతిలోని ఫోను దగ్గరికి వచ్చి వాసన చూశాడు. ఫోను వెనక చూశాడు, టీచరమ్మ వెనక చూశాడు. తర్వాత గేటు దగ్గరికి పోయి, ఊచల్లో మూతి పెట్టి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

“అమ్మా, ఇంక నాకు చూపియొద్దండి” అంది మణెమ్మ. “నా గొంతు వాడికి వినిపియొద్దు. ఫొటోలు పంపియండి, చాలు.”

ఫొటోలు వస్తూనే ఉన్నాయి. గ్రేస్ దుకాణం నుంచి రాగానే చెప్పుల స్టాండు దగ్గరే నిలబడి, “అత్తా, ఫొటో వచ్చినాది, చూడు” అని ఫోను ఇస్తుంది. వర్షాకాలంలో రాధాకుమారి ఇంకో కుక్కను పెట్టుకుంటారా అని అడిగించింది. “ఇప్పుడే ఒద్దు తమ్ముడా” అని కరుణాకరంతో చెప్పింది మణెమ్మ. ఎప్పుడో చెప్పలేదు.

డిసెంబరులో మార్కాపురానికి ఆ కాసిని చలిరోజులు వచ్చాయి. తెల్లవారుజామున, ముగ్గు పెట్టని ఆ వాకిట్లో మణెమ్మ నీళ్ళు చల్లుతుంటే నోటి వెంట ఆవిరి వస్తోంది. ఏబేలు దుప్పటి కప్పుకుని గడపలో నిలబడి, “ఏం చలే ఇది, ఎముకలు కొరుకుతాంది” అన్నాడు.

మణెమ్మ చెంబు పట్టుకుని షెడ్డు వైపు చూసింది. రాతిపలకల మీద మంచు తడి మెరుస్తోంది.

“ఈ నాలుగు దినాలన్నా ఉండేటోడయ్యా వాడు, హాయిగా” అంది.

ఏబేలు దుప్పటి తీసి ఆమె భుజాల మీద కప్పి, పొయ్యి రాజేయడానికి లోపలికి పోయాడు.