చవగ్గా కొన్న చేను

పోయిన ఏడాది కార్తీకంలో వానలు పడి, పలివెల దగ్గరున్న మా ఎకరం చేను మునిగిపోయింది. కొన్నాళ్ళకు నా బ్యాంకు ఖాతాలో ప్రభుత్వం వారి పంట నష్టపరిహారం పడింది. నాది అమలాపురంలో కిరాణా కొట్టు, పుట్టింది కూడా కొట్టు వెనక గదిలోనే. ఊరికే డబ్బిచ్చేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మేం పిల్లల చేతిలో పెట్టే బెల్లం ముక్క కూడా వాళ్ళమ్మ కొనబోయే సరుకు కోసమే. అందుకని ఆ డబ్బు ముట్టుకోకుండా, నాకెందుకు ఇచ్చారా అని రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు ఖర్చు పెట్టేశాను.

జవాబు ఈ ఏడు నాట్లయ్యాక దొరికింది. ఇరవై ఏళ్ళుగా మా చేను కౌలుకు చేస్తున్న పెద్దాయన కొట్టుకు వచ్చి ఒక కాగితం తీశారు. కౌలు కార్డు దరఖాస్తు. మా వైపు కౌలంటే నోటిమాటే, పంట చేతికొచ్చాక ఇన్ని బస్తాలని అనుకోవడమే. ప్రభుత్వం రాతల్లో మాత్రం సాగు చేసేది నేనే. మునిగింది ఆయన పెట్టుబడి, పరిహారం నాకు. నేను సంతకం పెడితే ఇకమీదట పంట ఆయన పేరున నమోదవుతుంది.

"కార్డు పదకొండు నెలలేనండి. భూమి ఎప్పుడూ మీదే. ఇంకోసారి మునిగి, ఆ సాయం కూడా రాకపోతే నేనింక చెయ్యలేనండి," అన్నారు.

ఏమీ రాని చోట సంతకం పెట్టకూడదని మా నాన్నగారు నేర్పారు. రెండు బస్తాలు ఎక్కువ కొలిస్తే చూస్తానన్నాను. ఆయన బేరమాడలేదు. మీ ఇష్టమండి అని, కాగితం తూకపు రాళ్ళ కింద పెట్టి వెళ్ళిపోయారు. బేరమాడని మనిషంటే నాకు భయం. అసలు ఈ నమోదేమిటో చూద్దామని, ఆ కాగితం జేబులో వేసుకుని పలివెల వెళ్ళాను.

పంట నమోదు కోసం వ్యవసాయ శాఖ నుంచి చేల దగ్గరికి వచ్చినావిడ సాగుదారు ఎవరని అడిగింది. నేనే అన్నాను. అయితే ఫోటో తీయాలి, చేలో నిలబడండి అంది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గట్టు దిగి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాను. ఆవిడ ఫోను చూసి, ఈ సర్వే నంబరు వేరేవాళ్ళదండి అంది.

రెండు చేల అవతల నుంచి పెద్దాయన పిలిచారు. "షావుకారు గారూ, మన చేను ఇటండి."

వెళ్ళాను. ఏ రకం వేశారని ఆవిడ అడిగింది. బియ్యపు గింజ పంటి కింద పెడితే రకం చెప్పగలను గానీ, నిలబడ్డ పైరంతా నాకు ఒకటే పచ్చ. రకమూ, నాటిన రోజూ ఆయనే చెప్పారు. నన్ను పట్టుకున్న సందేహం వేరు. ఇందాకటి చేలో నీళ్ళు నా మడమల దాకే ఉన్నాయి. ఇక్కడ పిక్కలు మునిగాయి. ఎందుకని అడిగాను.

"మురుగు కాలవ పక్క పల్లం కదండి, పైచేల నీళ్ళన్నీ ఇందులోకే దిగుతాయి. అందుకే కదండి, మీ నాన్నగారికి అంత చవగ్గా ఇచ్చేరు."

ఆ బేరం గురించి మా నాన్నగారు బతికినన్నాళ్ళూ చెప్పుకున్నారు. మధ్యలో రెండుసార్లు లేచి చెప్పులేసుకున్నారట, అమ్మేవాడు దిగొచ్చాడట.

"మరి ఆయన చూసుకోలేదా?"

"చూసేరండి. మండువేసవిలో."

ఇన్నాళ్ళూ మీరెందుకు చేశారంటే, మునగని ఏడు ఈ ఒండ్రులో పండినట్టు ఇంకెక్కడా పండదన్నారు.

ఈయన వదిలేస్తే ఈ పల్లం కౌలుకు ఇంకెవరూ రారని లెక్క తేలింది. నా స్కూటరు సీటు మీద కాగితం పరిచి సంతకం పెట్టాను. నమోదుకు గడువింకా ఉంది, కార్డు రాగానే ఆయన పేరున ఎక్కిస్తానంది ఆవిడ. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక పెద్దాయన నెమ్మదిగా అన్నారు.

"పోయినేడు పరిహారం మీకే వచ్చింది కదండి. ఈ ఏడు కౌలులో రెండు బస్తాలు తగ్గించుకుంటానండి."

ఒకటిన్నర అన్నాను. అలవాటు.

"రెండండి," అన్నారు, చేలోకి దిగుతూ.

రెండుకే తెగింది.